ఇనుము మీద చేతి జాడ

హైదరాబాదు నుండి పడమటగా బీజాపూరు పోయే పాత బాట మీద మొయినాబాదు చేరినవారికి ముందుగా కనుపించేవి మర్రిచెట్లు. బాటకు ఇరువైపులా ఊడలు దించి, పైన కొమ్మలు కలుపుకొని, మిట్టమధ్యాహ్నం కూడా బాటసారి తలపై నీడ తొలగనీయక, చేవెళ్ల వరకు, ఆ పైన మన్నెగూడ వరకు వందల సంఖ్యలో నిలిచిన చెట్లు అవి. బాటను వెడల్పు చేయవలెనన్న పథకం వచ్చిన తరువాత వాటిని కాపాడుకొనుటకై కొందరు నగరవాసులు జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లిన సంగతి పత్రికలు చదివేవారికి తెలిసినదే. చెట్ల పక్షం వహించేందుకు మనుషులున్నారు, అది మంచిదే. నేనిక్కడ ముచ్చటించబూనినది ఎవరూ పక్షం వహించని ఒక వస్తువును గురించి.

నేను బడిపంతులను. ఛాయాచిత్రాలు తీయుట నాకు వృత్తి కాదు. వదలని అలవాటు మాత్రమే. ఒక శీతకాలపు ఆదివారం నాడు మా పాఠశాల విద్యార్థులను అయిదుగురిని వెంటబెట్టుకొని, మర్రిచెట్లను చిత్రించుదామని ఆ బాట పట్టినాను. ఒక చెట్టు మొత్తం చట్రంలో పట్టాలంటే ఎంత దూరం వెనుకకు జరగవలెనో చూచేందుకు ఒక పిల్లవాడు చేనిలోకి దిగి వెళ్లినాడు. కొంతసేపటికి తిరిగి వచ్చి, "సార్, అక్కడ బావి దగ్గర ఏదో పాత మిషను ఉన్నది, వస్తారా?" అన్నాడు. మర్రిచెట్లు ఎక్కడికీ పోవు గదా అనుకొని అందరం వాని వెంట నడిచినాం.

రాతికట్టుడు బావి. గట్టున తుమ్మ మొలిచి సగం నోరు మూసినది. ప్రక్కనే ఒక వైపు ఒరిగిన రేకుల కొట్టం. అందులో, సిమెంటు దిమ్మె మీద నాలుగు బోల్టులతో బిగించిన చమురు ఇంజను. ఒంటి సిలిండరు, దానికి ఇరుప్రక్కల రెండు బరువైన ఆకుల చక్రాలు. ఈ తీరు ఇంజనులు మన పల్లెలలో పెద్దలందరూ ఎరిగినవే. ఇంగ్లండులో డర్స్‌లీ అనే చిన్న పట్టణంలోని లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతాలలో ఈ నమూనాను విడుదల చేసినారు. తరువాత రాజకోటలోని కార్ఖానాలు అదే అచ్చున పోతపోసి దేశమంతటికీ పంపినవి. ఆరు గుర్రాల బలం గల ఇంజను చక్రం నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. నేటి యంత్రాల లెక్కలో అది నత్తనడక. కాని ఆ నిదానమే దానికి ఆయుస్సు. 'టుక్కు టుక్కు' మని దాని చప్పుడు తెల్లవారుజామున ఒక ఊరి నుండి మరొక ఊరికి వినిపించేదని ఈ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ముందున్న ఇంజను ఏ కార్ఖానాదో తెలియలేదు. పోత అక్షరాల మీద మడ్డి పేరుకొని గట్టిపడినది.

పిల్లలు తమ ఫోనులు తీసినారు, నేను కెమేరా తీసినాను. అందరం తలా ఒక బొమ్మ తీసి ఒకరికొకరం చూపుకొన్నాం. ఆరు బొమ్మలూ ఒక్కటే, ఆరూ పనికిరానివే. కొట్టం, రేకులు, వెనుక తుమ్మకంప, మూలన ఎవరో పడవేసిన యూరియా సంచి, నడుమ ఎక్కడో ఒక నల్లని ముద్ద. చూచేవానికి అది ఇంజను అని తెలుస్తుంది. అంతకు మించి ఏమీ తెలియదు.

పాత యంత్రాన్ని చిత్రించబోయే ప్రతివాడూ మొదట చేసే పొరపాటు ఇదే. యంత్రం మొత్తాన్ని చూపితే దాని సంగతంతా చెప్పినట్లేనని అనుకొంటాడు. కాని కన్ను చూచే విధానం వేరు, కటకం చూచే విధానం వేరు. మనం కొట్టంలోకి అడుగు పెట్టగానే మన కన్ను యూరియా సంచిని చూడనే చూడదు. మనస్సు దానిని తీసివేస్తుంది. కటకానికి మనస్సు లేదు. సంచిని, చక్రాన్ని సమాన గౌరవంతో చూస్తుంది. కనుక మనస్సు చేసే పనిని మన కాళ్లు చేయవలసి ఉంటుంది. అంటే దగ్గరకు నడవాలి. అక్కరలేనిది చట్రంలో నుండి తప్పుకొనే వరకు నడవాలి, ఆ పైన మరొక అడుగు వేయాలి.

అట్లా దగ్గరకు వెళ్లినప్పుడు తుప్పు వేరొక లోకంగా కనిపించినది. చక్రపు అంచున నారింజ వన్నె, లోపలికి పోయినకొద్దీ ఇటుక వన్నె, పగుళ్లలో దాదాపు నలుపు. సిలిండరు మీద పచ్చరంగు పెచ్చులుగా లేచి, దాని క్రింద మరొక ఎర్రని పూత, దాని క్రింద ఇనుము. నేను ఉత్సాహంతో వరుసగా బొమ్మలు తీస్తూ పోయినాను. ఒక రంగు పెచ్చు దేశపటం వలె ఉన్నది, మరొకటి మబ్బు వలె ఉన్నది. పిల్లలు కూడా పోలికలు వెదకుటలో పడినారు. ఇంతలో చేను గల పెద్దాయన వచ్చినాడు. భుజాన తువ్వాలు, చేతిలో కొడవలి.

"మర్రిచెట్లను ఇడిసిపెట్టి ఈ తుప్పును తీస్తున్నరేంది సారూ?" అని అడిగినాడు.

నేను తీసిన బొమ్మ ఒకటి చూపినాను. చాలాసేపు చూచినాడు. ఏమీ అనలేదు. కొట్టంలోని గూటిలో చేయి పెట్టి, గోనెగుడ్డ చుట్టిన ఒక వంకర కడ్డీని బయటకు తీసినాడు. అది ఇంజనును నడిపించే హ్యాండిలు. అసలుది పోతే ఊరి కమ్మరి సాగగొట్టి చేసి ఇచ్చినదట. దానిని ఇరుసు కొసకు తగిలించి, పట్టుకొనే చోట వ్రేలు పెట్టి చూపినాడు. అక్కడ బెత్తెడు మేర ఇనుము నల్లగా, నున్నగా, కొద్దిగా సన్నబడి ఉన్నది. మిగిలిన కడ్డీ అంతా గరుకు.

"గది వాన తిన్నది సారూ," అని చక్రం వైపు చూపి, "గిది మా చెయ్యి తిన్నది," అన్నాడు.

ఆ మాటతో నాకు ఆ ఉదయం తీసిన బొమ్మలన్నీ ఒక్కసారిగా వెలవెలబోయినవి. పాడుపడిన యంత్రం మీద రెండు విధాలైన అరుగుదల ఉంటుంది. ఒకటి యంత్రం పని మానిన తరువాత ఎండ, వాన, గాలి చేసినది. రెండవది యంత్రం పని చేసినంతకాలం మనిషి చేయి, పటకా, పట్టీ, బోల్టు విప్పే పానా చేసినది. మొదటిది రంగులతో పిలుస్తుంది, ఎవరికైనా కనిపిస్తుంది. రెండవది వెదకితేనే గాని కనిపించదు. నేను ఒక గంటసేపు మొదటిదానినే తీసినాను. అంటే ఇంజను బ్రతికిన కాలాన్ని వదలి, అది చచ్చిన కాలాన్ని మాత్రమే తీసినానన్నమాట.

అప్పటి నుండి మా పని మారిపోయినది. ఎక్కడ చేయి తగిలినదో పిల్లలు వెదకినారు. చమురు పోసే మూత చుట్టూ వ్రేళ్లు పట్టిన చోట పచ్చరంగు ముందే అరిగిపోయి ఉన్నది. పట్టీ తిరిగే చక్రం మీద తుప్పు ఉన్నా, ఆ తుప్పు క్రింద ఇనుము అద్దం వలె చదునుగా ఉన్నది. ఒక బోల్టు తల ఆరు మూలలూ గుండ్రబడి పోయినవి. కొలతకు సరిపడని పానాతో ఎన్నిసార్లు విప్పినారో! దాని ప్రక్క బోల్టు మూలలు మాత్రం పదునుగానే ఉన్నవి. ఈ రెండు బోల్టులను ఒకే చట్రంలో పెట్టవలెనని తోచినది ఒక విద్యార్థినికి, నాకు కాదు. దగ్గరి చిత్రానికి కూర్పు అంటే ఇదే. అందమైన రంగును మధ్యలో నిలబెట్టుట కూర్పు కాదు. వాన తిన్నదానిని, చేయి తిన్నదానిని ఒకదాని ప్రక్కన ఒకటి నిలిపి, చూచేవాని కన్ను ఆ రెంటి నడుమ తిరిగేటట్లు చేయుట కూర్పు.

ఇక మెలకువల సంగతి. వీటిలో కొన్ని మన పదవ తరగతి భౌతికశాస్త్రపు పాఠమే గనుక ఉపాధ్యాయులకు పనికివస్తవని కొంచెం విస్తరించి చెబుతాను.

వస్తువుకు దగ్గరగా పోయినకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమేరాతో ఒక బోల్టు తలను దాని అసలు పరిమాణంలోనే ఫిల్ము మీద పడేటట్లు తీస్తే, కటకపు ద్వారాన్ని ఎఫ్/16 వరకు మూసినా, స్పష్టంగా వచ్చే లోతు దాదాపు రెండు మిల్లీమీటర్లే. బోల్టు తల స్పష్టమైతే దాని మొదలు మసకబారుతుంది. అందుచేత కెమేరా వీపు, తీయబోయే ఉపరితలం రెండూ సమాంతరంగా ఉండేటట్లు చూచుకోవాలి. గోడకు పలకను ఆనించినట్లు అనుకోండి. అట్లా ఉంటే ఆ కొద్ది లోతులోనే ఉపరితలమంతా ఇముడుతుంది. ఏటవాలుగా నిలిస్తే ఒక గీత మేర మాత్రమే స్పష్టత దక్కుతుంది.

ఎఫ్ అంకె అంటే విద్యార్థులు భయపడతారు. అది భాగహారం తప్ప మరేమీ కాదు. కటకపు నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు అయితే ఎఫ్/8 వద్ద ద్వారపు వ్యాసం 50ని 8తో భాగించగా 6.25 మిల్లీమీటర్లు. ఎఫ్/16 వద్ద దానిలో సగం. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగవ వంతు అవుతుంది గదా. కనుక వెలుతురు కూడా నాలుగవ వంతే. సెకనులో 60వ వంతు సరిపోయిన చోట ఇప్పుడు 15వ వంతు కావాలి. అంతేగాక, అసలు పరిమాణంలో బొమ్మ పడాలంటే కటకం ఫిల్ముకు నాభ్యంతరానికి రెండింతల దూరంలో ఉండాలి. దూరం రెట్టింపైతే వెలుతురు మరల నాలుగవ వంతు. ఈ రెండు నాలుగవ వంతులూ కలిసి పదహారవ వంతు. అంతసేపు చేతితో కెమేరాను కదలకుండా పట్టుకొనుట ఎవరి తరమూ కాదు. ముక్కాలి స్టాండు అక్కరకు వచ్చేది ఇక్కడే. అది లేనప్పుడు నేను ఇసుక నింపిన గుడ్డసంచి వాడతాను. రెండు ఇటుకలు కూడా చాలు.

ఫోను వాడే పిల్లలకు ఈ లెక్కలన్నీ అది తానే చేసుకొంటుంది. కాని దానికి వేరొక దోషం ఉన్నది. దాని కటకం విశాలమైన చూపు గలది. మరీ దగ్గరగా తెస్తే ముందున్నది ఉబ్బి, వెనుకనున్నది కుంచించుకొని పోతుంది. గుండ్రని చక్రం గుమ్మడికాయ అవుతుంది. ఒక అడుగు వెనుకకు జరిగి, రెండింతల కటకం ఉంటే దానితో తీయుట మేలు. తుప్పు మీద వ్రేలు పెట్టి దృష్టి నిలిపి, వెలుతురును ఒక మెట్టు తగ్గిస్తే చీకటి రంగులు తమ నిండుతనంతో వస్తవి.

వెలుతురు గురించి మాత్రం తొందరపడకూడదు. తుప్పు స్వభావం గరుకుదనం. గరుకుదనం కనిపించేది ప్రక్క నుండి జారిపడే వెలుతురులో. మేము వెళ్లిన వేళకు సూర్యుడు ఇంకా పైకి రాలేదు. చిరిగిన రేకు సందులో నుండి ఒక ఎండపట్టీ చక్రం మీదుగా పాకుతూ ఉన్నది. ఆ పట్టీలో ప్రతి పొక్కుకూ ఒక నీడ, ప్రతి గీతకూ ఒక గట్టు. పది గంటలయ్యేసరికి ఎండ ఎదురుగా వచ్చినది. ఆ చక్రమే చదునైన గోధుమరంగు కాగితం వలె మారినది. ఒకే వస్తువు, రెండు గంటల తేడా. అయితే రంగులే కావాలన్నవారికి మబ్బు పట్టిన రోజు మేలు. వాన వెలిసిన వెంటనే అయితే మరీ మేలు. తడిసిన తుప్పు ముదురు వన్నెకు తిరుగుతుంది. రంగు పూత మీద, చమురు తెట్టు మీద మెరుపు అడ్డు వస్తే ధ్రువణ ఫిల్టరును త్రిప్పితే తగ్గుతుంది. కాని అరిగి బయటపడిన వట్టి లోహపు మెరుపు దానికి లొంగదు. నాకు దీనిలో ఒక సొగసు కనిపిస్తుంది. పైపూతల మెరుపు తొలగిపోయి, చేయి తెచ్చిన మెరుపు నిలుస్తుంది.

తుప్పు అనేది ఏమిటి? ఇనుము గాలిలోని ఆమ్లజనితోను, నీటితోను కలిసినప్పుడు ఏర్పడే ఆర్ద్ర ఐరన్ ఆక్సైడు. మొయినాబాదు, చేవెళ్ల చేలలోని ఎర్ర చల్కా నేలకు ఆ ఎరుపును ఇచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే. ఈ సంగతి చెప్పగానే ఒక పిల్లవాడు వంగి పిడికెడు మన్ను తీసి చక్రం ప్రక్కన పెట్టి చూచినాడు. రెండు రంగులకూ తేడా చెప్పుట కష్టమైనది. భూమి నుండి త్రవ్వి, కరగించి, పోతపోసి, సముద్రాలు దాటించి, ఏళ్లకేళ్లు నీళ్లు తోడించిన ఇనుము నెమ్మదిగా తన పూర్వరూపానికి తిరిగి పోతున్నది. మన్ను, చక్రం కలిసి వచ్చేటట్లు ఒక బొమ్మ తీసినాం. అది బాగా రాలేదు. భావం బాగున్నంత మాత్రాన బొమ్మ బాగుండదని తెలిసేందుకు దానిని దాచి ఉంచినాను.

చట్రం అంచుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దగ్గరి చిత్రంలో ఆకాశం ఉండదు, నేల ఉండదు. నాలుగు అంచులే దానికి ఎల్లలు. మీట నొక్కే ముందు నడుమ వస్తువును కాదు, నాలుగు మూలలను చూడమని పిల్లలకు చెబుతాను. మూలలో ఒక తెల్లని చుక్క మిగిలినా కన్ను అక్కడికే పరుగెత్తుతుంది. చక్రాన్ని పూర్తిగా చూపవలసిన పని లేదు. పావు చక్రాన్ని ఒక మూలన ఉంచి, రెండు ఆకులను ఏటవాలుగా సాగనిస్తే, మిగిలిన ముప్పావు చూచేవాని మనస్సే పూర్తి చేస్తుంది. చక్రం తిరుగుతున్నట్లు కూడా తోస్తుంది. పూర్తి చక్రాన్ని నట్టనడుమ పెడితే అది గోడ గడియారం వలె నిలిచిపోతుంది.

ఒక చిన్న ముచ్చట. మా పిల్లవాడొకడు గట్టున పూచిన తంగేడు రెమ్మ తెచ్చి సిలిండరు మీద పెట్టినాడు. బొమ్మ నిజంగానే అందంగా ఉన్నది. పసుపు, తుప్పు ఎంత పొందికగా కలిసినవో! అయినా తీసివేయమన్నాను. తనంత తాను రాలి పడిన ఆకును తొలగించను, పడనిదానిని పెట్టను. మడ్డి తుడిచి అక్షరాలు చదువుదామన్న కోరిక నాకూ కలిగినది. ఆ యంత్రం నాది కాదు గనుక ఊరుకొన్నాను. కాని ఒక తప్పు మాత్రం నేనే చేసినాను. దానిని తరువాత చెబుతాను.

యంత్రాలకు దగ్గరగా వెళ్లి చూచిన ఛాయాచిత్రకారులు నూరేళ్ల క్రిందటే ఉన్నారు. అమెరికాలో పాల్ స్ట్రాండ్ 1922లో ఏక్లీ అనే చలనచిత్రపు కెమేరాను కొని, దానితో జీవనం చేస్తూ, దాని మూత తీసి లోపలి పళ్లచక్రాలను మరొక కెమేరాతో చిత్రించినాడు. తనకు తిండి పెట్టే యంత్రాన్ని అంత శ్రద్ధగా చూచినవారు అరుదు. జర్మనీలో ఆల్బర్ట్ రెంగర్-పాట్ష్ 1928లో ఒక పుస్తకం వెలువరించినాడు. ఆకులు, జంతువులు, పింగాణీ, యంత్రభాగాలు అన్నిటినీ సమానమైన నిశితదృష్టితో చూపిన పుస్తకం అది. ఆయన దానికి 'వస్తువులు' అని పేరు పెట్టదలచినాడు. ప్రచురణకర్త 'ప్రపంచం సుందరమైనది' అని మార్చినాడు. ఆ పేరే తరువాత ఆయనకు చిక్కు తెచ్చినది. 1931లో వాల్టర్ బెన్యమిన్ అనే విమర్శకుడు ఛాయాచిత్రకళ చరిత్రపై వ్రాసిన వ్యాసంలో ఆ ధోరణిని తీవ్రంగా తప్పుపట్టినాడు. నాటకకర్త బ్రెహ్ట్ మాటను ఉదాహరిస్తూ, ఒక పెద్ద కార్ఖానా ఛాయాచిత్రం ఆ కార్ఖానాను గురించి దాదాపు ఏమీ చెప్పదని ఆయన వాదం. అందులో మనుషుల నడుమ నడిచేది బొమ్మలో పడదు గదా!

ఈ ఆక్షేపణకు నేను జవాబు చెప్పలేను. ఆ ఉదయం నా తుప్పు బొమ్మలకు అది అక్షరాలా వర్తిస్తుంది. దేశపటం వలె ఉన్న రంగుపెచ్చును చూచి మెచ్చుకొనేవాడు ఆ ఇంజను వల్ల ఎన్ని ఎకరాలు పండినవో అడగడు. అయితే హ్యాండిలు పిడిని చూచేవాడు కనీసం ఒక చేయిని ఊహించక తప్పదు. వాకర్ ఎవాన్స్ 1955లో ఫార్చ్యూన్ పత్రికకు ప్లయరు వంటి మామూలు పనిముట్లను ఒక్కొక్కటిగా చిత్రించినాడు. అందులో మనిషి కనిపించడు. కాని ప్రతి పిడీ మనిషి కోసమే ఎదురుచూస్తున్నట్లు ఉంటుంది. బెర్న్‌డ్, హిల్లా బెహర్ దంపతులు ఇందుకు విరుద్ధమైన దారి పట్టినారు. 1959 నుండి జర్మనీలో గని గోపురాలను, నీటి గోపురాలను మబ్బు పట్టిన వెలుతురులో, నిటారుగా, దూరం నుండి, మొత్తంగా తీస్తూ పోయినారు. వారు తీసినవాటిలో అనేకం తరువాత కూల్చివేయబడినవి. నేను దగ్గరి చిత్రాన్ని పొగుడుతున్నాను గాని, నిజానికి పోబోయే యంత్రానికి రెండూ కావాలి.

మన హైదరాబాదుకు ఈ విద్య కొత్తది కాదు. ఆరవ నిజాం కాలంలో ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. ఇందూరులో ప్రజాపనుల శాఖలో నకాషీలు గీసి, అంచనాలు వేసినవాడు. ఆయన రాజభవనాల చిత్రాలలో స్తంభాలు అంత నిటారుగా నిలిచేందుకు ఆ శిక్షణే కారణమని నా ఊహ. ఆయన మనకు భవనాలను, వేటలను, దర్బారులను మిగిల్చినాడు. పొలాల దగ్గరి ఇనుము మాత్రం ఆ తరువాతి కాలంలో కూడా పెద్ద కెమేరాల ముందుకు రాలేదు. పెండ్లి బొమ్మల వెనుక, బావిగట్టున నిలబడి తీయించుకొన్న కుటుంబచిత్రాల మూలన అది ఎక్కడైనా తొంగిచూస్తే చూస్తుంది.

మొయినాబాదుకు ఒక ప్రక్క మూసీ మీద ఉస్మాన్‌సాగరు, మరొక ప్రక్క ఈసీ మీద హిమాయత్‌సాగరు ఉన్నవి. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై కట్టిన జలాశయాలు ఇవి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తి అయినవి. గండిపేటకు పదిహేను, హిమాయత్‌సాగరుకు పదిహేడు వరద గేట్లు. హిమాయత్‌సాగరు గేట్లు 2020 అక్టోబరు వరదలలో పైకి లేచినప్పుడు నగరమంతా వాటి వైపే చూచినది. నూరేళ్ల కట్టడాలకు అట్టి గౌరవం దక్కుట సంతోషమే. ఆ గేట్లకు కాపలా ఉన్నది, లెక్క ఉన్నది, చరిత్ర ఉన్నది. వాటికి ఏడెనిమిది మైళ్ల దూరంలో ఒక రైతు బావి మీది ఇంజనుకు ఇవేవీ లేవు. అది ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు ఆగినదో వ్రాసి ఉంచిన పుస్తకం లేదు. పెద్దాయన జ్ఞాపకమే దాని దస్తరం.

"మోట కొట్టే ఎద్దులను అమ్మి తెచ్చినం దీన్ని," అని ఆయన చెప్పినాడు. పిల్లలు వ్రాసుకొన్నారు. ముందు మోట, తరువాత ఇంజను, తరువాత కరెంటు మోటారు, ఆ తరువాత బోరు. నీరు లోతుకు పోయినకొద్దీ యంత్రాలు మారినవి, బావి ఎండిపోయినది. 2018 జనవరి 1 నుండి రాష్ట్రంలో పొలాలకు ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. చమురు ఇంజను మరల నడువగలదన్న ఆశ ఎవరికైనా ఉంటే, అది కూడా దానితో పోయినది. ఇక నేల సంగతి. ఈ చుట్టుప్రక్కల చేలు తోట ఇండ్లుగా, ఇంటిస్థలాలుగా మారుతున్న తీరు ఈ బాట వెంట వెళ్లినవారందరూ చూస్తున్నదే. నేల చేతులు మారినప్పుడు బావి పూడుతుంది, కొట్టం కూలుతుంది, ఇనుము తూకానికి పోతుంది.

నేను మరల అక్కడికి వెళ్లేసరికి నాలుగు నెలలు గడిచినవి. పరీక్షలు, పేపర్లు దిద్దుట, ఏదో ఒక సాకు. మూడు బొమ్మలను పెద్దవిగా అచ్చు వేయించి తీసుకొని వెళ్లినాను. కొట్టం ఉన్నది; ఇంజను లేదు. సిమెంటు దిమ్మె మీద నాలుగు బోల్టులు నిటారుగా నిలిచి ఉన్నవి. వాటి చుట్టూ నేల చమురుతో నల్లబడి, ఎర్రమట్టిలో ఒక నిలువెడు మచ్చ.

పెద్దాయన ఇంటి వద్ద కలిసినాడు. "అమ్మినం సారూ. కిలోల లెక్కన తూచుకపోయిండ్రు," అన్నాడు. హ్యాండిలు సంగతి అడిగినాను. "గదీ ఆ తూకంలనే పోయింది."

బొమ్మలు ఆయన చేతిలో పెట్టినాను. మొదటిది రంగుపెచ్చుల బొమ్మ. మా పాఠశాలలో అందరూ మెచ్చినది అదే. ఉపాధ్యాయుల గదిలో దానిని గోడకు కూడా తగిలించినాం. "ఇదేంది, గోడనా?" అని అడిగి ప్రక్కన పెట్టినాడు. రెండవది పావు చక్రం. తల ఊపినాడు. మూడవది హ్యాండిలు పిడి. దానిని చూచి, ఏదో తప్పు కనిపించినట్లు కనుబొమలు ముడిచి, బొమ్మను తలక్రిందులుగా త్రిప్పి పట్టుకొన్నాడు.

నా తప్పు అదే. ఆకాశం, నేల లేని బొమ్మకు పైన ఏది, క్రింద ఏది? ఆ రోజు హ్యాండిలు ఇరుసుకు తగిలించినప్పుడు పిడి క్రిందికి వ్రేలాడినది. అచ్చు వేయించేటప్పుడు, పిడి పైకి లేచి ఉంటే ఏటవాలు గీత చట్రంలో బాగా నిలుస్తుందని తోచి, నేనే దానిని త్రిప్పించినాను. తంగేడు రెమ్మను తీసివేయించినవాడిని, దీనిని మాత్రం కూర్పు అనుకొన్నాను.

"గిట్ల కాదు సారూ," అన్నాడు పెద్దాయన. "గుంజేది కిందికెంచి మీదికి. మీదికెంచి కిందికి ఒత్తితే ఎదురు తంతది, మణికట్టు ఇరుగుతది." బొమ్మను మోకాలి మీద పెట్టి, కుడిచేతిని చాచి, లేని పిడిని పట్టుకొన్నాడు. నాలుగు వ్రేళ్లూ ముడిచి, బొటనవ్రేలిని మాత్రం చుట్టూ వేయక వాటి ప్రక్కనే చేర్చినాడు. "ఏలు గిట్ల ఉండాలె," అని నా చేతిని పట్టుకొని, నా వ్రేళ్లను ఒక్కొక్కటిగా ముడిచి చూపినాడు.